పాదులో గుప్పెడు ఉప్పు

ఆటో పూర్తిగా ఆగకముందే ఆండాళ్ దిగేసింది. చేతి గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మూడింటికి సోంపేట కోర్టు. ఈలోగా తహసీల్దారు వచ్చి పంచనామా మీద సంతకం పెడితే చాలు, ఎక్సైజ్ వాళ్ళు ఈ కొబ్బరి రైతు వరహాలుని జీపెక్కించేస్తారు. ఆ తర్వాత బెయిలు అన్న మాట ఎత్తడానిక్కూడా నెలలు పడుతుంది. గంజాయి కేసు మరి, కోళ్ళ దొంగతనం కాదు.

నెలలు ఆగడానికి వరహాలు భార్యకి వీల్లేదు. కృష్ణవేణికి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి విశాఖపట్నం వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటేనే ఆమె ప్రాణం నిలబడుతోంది. ఇవాళ శుక్రవారం. తెల్లవారుజామున ఇద్దరూ రైలుకని ఆటో ఎక్కబోతుంటే ఎక్సైజ్ జీపు వచ్చి గుమ్మానికి అడ్డంగా ఆగింది. పోనీ ఎవరినైనా తోడిచ్చి పంపుతామంటే, "ఆయన్నొగ్గీసి నాను ఎల్లను" అని మంచమ్మీద కూచుందట ఆవిడ. ఈ సంగతంతా పొద్దున్న ఏడింటికి సోంపేట లాయరు తిరుపతిరావు ఫోన్లో చెప్పి, "మూడింటి లోపల ఏదో ఒకటి పట్టండి ఆండాళ్ గారూ" అన్నాడు. ఏదో ఒకటి పట్టుకురావడానికి అదేమైనా సంతలో వంకాయా?

ఆండాళ్‌ది టెక్కలి. తండ్రి కోవెల్లో అర్చకుడు. కూతురు మాత్రం పదమూడేళ్ళు భూసార పరీక్షల లాబ్‌లో మట్టి పొట్లాలు విప్పి, ఆ మట్టిని బట్టి రైతు ఎక్కడ అబద్ధమాడాడో చెప్పే విద్య నేర్చింది. యూరియా ఒక్క బస్తాయే వేశానన్నవాడు మూడు వేశాడని మట్టే చెప్పేసేది. ఆ విద్య ఒక్కటే పెట్టుబడిగా ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అవతారం ఎత్తినప్పుడు తెలిసినవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఢిల్లేశ్వరరావు ఒకడు. ఇప్పుడు ఎదురొచ్చింది కూడా ఆయనే.

"రండి మట్టి మేడం. ఆలస్యమైపోనాది. కేసు కోసి, కుప్ప కూడా ఏసీసాం."

"కుప్ప నూర్చేటప్పుడే కదండీ తాలు ఎంతో తెలిసేది. మొక్కలు చూడొచ్చా?"

"సూడండి. ముట్టుకోకండి. ఎమ్మార్వో గారు దారిలో ఉన్నారు."

వంటింటి వెనక, కొబ్బరి తోట మొదట్లో, పచ్చ వల కట్టిన చిన్న పందిరి. లోపల రెండు వరసల్లో పద్నాలుగు నల్ల సంచులు, సంచికో మొక్క. ఒక్కటీ మోకాలెత్తు దాటలేదు. కానీ ప్రతి కొమ్మ చివరా పూత ముద్దలు కట్టి ఉంది. ఆకుల అంచులు మాత్రం చివర్లనుంచి లోపలికి ఎండిపోయి గోధుమరంగుకి తిరిగాయి. ఆండాళ్ ఒక చోట నిలబడలేక పందిరి చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఏదో తేడాగా ఉంది. అదేమిటో అందట్లేదు, గంట చూస్తే పరుగెడుతోంది.

"మీ కథేమిటి ఇన్‌స్పెక్టర్ గారూ?"

"కథ ఏటుంది? ఏజెన్సీ నుంచి ఇత్తనం తెచ్చాడు. వానలకి ముందు నాటాడు. కొబ్బరి రైతు కదా, ఎరువు మోతాదు తెలీక దంచీసి ఆకులు మాడగొట్టుకున్నాడు. 'మందు ఏసింది నువ్వేనా' అంటే 'నానే ఏసినాను' అని ఒప్పేసుకున్నాడు. ఇంకేటి గావాల మీకు?"

"సమాచారం ఎవరిచ్చారు?"

"ఫోనొచ్చింది. బుధవారం పొద్దున్న పదింటికి, పలాసలో ఎస్టీడీ బూత్ నుంచి. పేరు సెప్పలేదు."

ఆండాళ్ మొదటి సంచి దగ్గర గొంతుక్కూచుంది. మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంది. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది, కానీ గుర్తున్న మాటలన్నీ వింటే డిటెక్టివ్ పని సాగదు. చిటికెడు గోకి నాలిక చివర పెట్టుకుంది. ఢిల్లేశ్వరరావు అడుగు ముందుకేశాడు.

"ఏటది, గవర్నమెంటు ఆస్తి నాకేత్తన్నారు?"

"ఉప్పు."

"ఏటి?"

"ఉప్పండీ. మీరూ నేనూ పప్పులో వేసుకునే రాళ్ళుప్పు. ఇది ఎరువు మోతాదు తప్పడం కాదు. ఇటు చూడండి, మొక్క మొదట్లో జానెడు సంచిలో కూడా గుండ్రంగా పాదు తీశాడు. పాదులో గుప్పెడు ఉప్పు పోసి, మట్టి కప్పాడు. ఇలా ఎవరు చేస్తారు ఉద్దానంలో?"

ఇన్‌స్పెక్టర్ వంగి పాదు చూశాడు. ఆయనదీ కొబ్బరి తోటలున్న ఊరే. కొబ్బరి మొక్కకి ఉప్పు వేస్తే వేరు గట్టిపడుతుందని, కాయ కాస్తుందని, ఆ పని తాతల నుంచి చేస్తున్న చేతులే ఆ ఊరి నిండా.

"కొబ్బరికి ఉప్పు పడుతుంది. దీనికి విషం. గంజాయి పెంచడం తెలిసినవాడు చచ్చినా ఈ పని చెయ్యడు. ఉప్పు వేసిన చెయ్యికి ఇది ఏం మొక్కో తెలీదు."

"తెలీకపోతే పెరట్లో పద్నాలుగు మొక్కలెందుకు పెంచుతాడు? అరటి పిలకలనుకున్నాడా?"

"పెంచింది వేరే చెయ్యి."

ఆండాళ్ సంచుల అంచుల్లో వరసగా గుచ్చిన తెల్ల ప్లాస్టిక్ పుల్లలు చూపించింది. నల్ల స్కెచ్ పెన్నుతో సన్నటి అంకెలు. మొదటి పుల్ల మీద 15-7. ఆఖరి దాని మీద 9-9. నాటిన రోజు దగ్గర్నుంచి, నీళ్ళలో కరిగించిన ఎరువు పోసిన ప్రతి రోజూ రాసుకున్నాడు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఒక రకం, పూత మొదలయ్యాక ఇంకో రకం, మధ్యలో ఉత్త నీళ్ళు. అలా పద్ధతిగా కొలిచి పోసేవాడు గుప్పిళ్ళతో ఉప్పు విసరడు.

"పైగా ఇది వానలకి ముందు నాటింది కాదు. యాభై తొమ్మిది రోజుల మొక్క. కిందటేడు విశాఖలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీలో చూశాను నేను ఈ రకం. ఆటోఫ్లవర్ అంటారు. మన ఏజెన్సీ గంజాయి పగళ్ళు తగ్గేదాకా పూతకి రాదు. ఇది పగలూ రాత్రీ లెక్కచెయ్యదు. వయసొస్తే పూసేస్తుంది. దీని విత్తనం అడవిలోంచి రాదు ఇన్‌స్పెక్టర్ గారూ, కవర్లో పోస్టులో పై దేశం నుంచి వస్తుంది. వరహాలుకి పోస్టులో ఏమొస్తాయో ఊరంతా తెలుసు. కరెంటు బిల్లు కూడా రాదు, మనిషే తెచ్చిస్తాడు."

ఢిల్లేశ్వరరావుకి కోపమొచ్చింది. ముప్పైకి పైగా కేసులు పట్టిన మనిషి. వాటిలో ఒక్కటీ పెరట్లో మట్టి నాకి తేల్చింది కాదు.

"బాగుంది. మరి ఆ రెండో సెయ్యి ఎవలిది? గాల్లోంచి ఒచ్చి నీళ్ళు పోసిందా? ఇల్లు వరహాలుది, పెరడు వరహాలుది, తాళం వరహాలుది."

"ఈ తేదీలు చదవండి. పదిహేను ఏడు, ఏం వారం?"

కానిస్టేబుల్ పోలారావు గోడకున్న క్యాలెండర్ తెచ్చి పేజీ వెనక్కి తిప్పాడు. మంగళవారం. పద్దెనిమిది, శుక్రవారం. ఇరవై రెండు, మంగళవారం. ఆగస్టు పదిహేను కూడా ఉంది.

"ఆగస్టు పదిహేనున పొద్దున్న మీరు జెండా వందనంలో ఉన్నారు. వరహాలు ఎక్కడున్నాడు?"

చంకలో ఉన్న ఆసుపత్రి ఫైలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆటో దిగుతూనే కృష్ణవేణి దగ్గర అడిగి తీసుకున్నది అదే. చీటీల మీద ముద్రలున్నాయి, చేరిన టైమూ వెళ్ళిన టైమూ ఉన్నాయి. ఆగస్టు పదిహేను కూడా శుక్రవారమే, ఆ రోజూ డయాలసిస్ జరిగింది. తెల్లారకుండా రైలెక్కి, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవారు మొగుడూ పెళ్ళాం. పదిహేడు పుల్లలు, పదిహేడు తేదీలు. ఒక్కటంటే ఒక్కటి కూడా వాళ్ళు ఊళ్ళో ఉన్న రోజు కాదు.

ఇన్‌స్పెక్టర్ చీటీలు రెండుసార్లు తిప్పాడు. మూడోసారి నెమ్మదిగా తిప్పాడు.

"కిందటి శనివారమో ఆదివారమో వరహాలు ఉప్పు వేశాడు," అంది ఆండాళ్. "మంగళవారం వాడొచ్చి చూసుకున్నాడు. ఆకులు మాడుతున్నాయి. సంచుల కింద నేల చూడండి, ఎంత నీళ్ళు పోసి కడిగాడో ఇంకా ఆరలేదు. కడిగినా లాభం లేకపోయింది, పంట పోయింది. బుధవారం మీకు ఫోనొచ్చింది. పోయిన పంటని వరహాలు నెత్తిన పెట్టి వాడు తప్పుకున్నాడు. మీరు చక్కగా వచ్చి ఆ పంటకి కాపలా కాస్తున్నారు."

"నన్ను ఎర్రోణ్ణి సేసాడంటారు."

"నేననలేదు. మీరన్నారు."

"సరే," అన్నాడు ఆయన పళ్ళ బిగువున. "ఇంకొకడున్నాడు. అంటే ఇద్దరు ముద్దాయిలు. ఆడి పేరు వరహాలు సెప్పడు. పొద్దుట్నుంచి అడుగుతున్నాను, రాయికైనా నోరొస్తాది గానీ ఈడికి రాదు. సెప్పనోడు వాటాదారుడు కాకపోతే ఎవడు? మూడింటికి కోర్టులో పెడతాను."

అందులో న్యాయముందని ఆండాళ్‌కీ తెలుసు. తెలియనివాడు దాచడు. దాస్తున్నాడంటే ఏదో ఉంది. విసుగు పుట్టి పందిరంతా మళ్ళీ కలియజూసింది. మూల ఇటుకల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా. మీద పొటాష్ ఎరువు లేబులు, పూత దశలో వాడేది. డబ్బా పారదర్శకంగా ఉంది. లోపల పొడి ఎంత ఉందో, వాడిన ప్రతిసారీ బయట పెన్నుతో అడ్డగీత గీసి తేదీ వేశాడు ఆ జాగ్రత్తపరుడు. ఆఖరి గీత 9-9.

పొడి ఆ గీతకి అర అంగుళం కిందకి ఉంది.

ఆమె మూత తీసింది. వాడి కొలత గ్లాసు బయట ఇటుక మీద బోర్లించి ఉంది. డబ్బా లోపల మాత్రం స్టీలు చెంచా ఒకటి, కాడ మీద పసుపు మరక. వంటింటి చెంచా. మంగళవారం తర్వాత వాడు రాలేదు. వస్తే గీత గీసేవాడు. మరి బుధ, గురువారాల్లో ఈ పొడి ఎవరు తీశారు? మొక్కలకి పొయ్యలేదు, పెచ్చు కట్టిన మట్టి మీద కొత్త తడి లేదు. ఉప్పు వేసినవాడు గుప్పిటతో వేశాడు. చెంచాతో కొలిచి ఎవరికి?

"వరహాలుని పిలవండి," అంది గబుక్కున లేచి.

"ఏటైంది?"

"పిలవండి ముందు."

వరహాలు వచ్చాడు. యాభై ఐదేళ్ళ మనిషి, చెట్టెక్కి దిగీ దిగీ అరికాళ్ళు బండబారిపోయాయి. చేతికి బేడీ లేదు గానీ రెండు చేతులూ ఉన్నట్టే కలిపి పెట్టుకున్నాడు. వాకిట్లో మంచం మీదున్న భార్య వైపు ఒకసారి చూసి, పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు.

"ఉప్పు నువ్వే వేశావా వరహాలూ?"

"అవును తల్లీ. మొక్క మెత్తగా అగుపించింది. ఉప్పేత్తే ఏరు గట్టిపడతాది గదా. శనారం ఏసినాను. మాడిపోనాది. తప్పయిపోనాది."

"ఈ మొక్క పేరేంటి?"

తల అడ్డంగా ఊపాడు.

"ఇవి నాటిందెవరు?"

వరహాలు గుంజ పట్టుకుని నేల చూపులు చూశాడు. ఢిల్లేశ్వరరావు 'చూశారా' అన్నట్టు చేతులు తిప్పాడు. ఆండాళ్ ఆయన్ని పట్టించుకోలేదు. చెంచా తీసి వరహాలు ముఖం ముందు పెట్టింది.

"ఇది మీ వంటింటిది. ఈ డబ్బాలో ఎందుకుంది?"

వరహాలు ఒక అడుగు వెనక్కి వేశాడు. జైలు మాటకి బెదరని మనిషి చెంచాకి బెదిరాడు.

"సెప్పకూడదమ్మా."

"ఎందుకు చెప్పకూడదు?"

"సెప్తే మందు పని సెయ్యదు."

పసరు మందులిచ్చేవాళ్ళు పెట్టే షరతు అది. కామెర్ల పసరుకైనా, పాము కాటు వేరుకైనా అంతే. ఇచ్చినవాడి పేరూ, మూలిక పేరూ పుచ్చుకున్నవాడు బయటపెట్టకూడదు, పెడితే మందు చచ్చిపోతుంది. ఉద్దానంలో పుట్టినవాడు తల్లి మీద ఒట్టు తప్పుతాడేమో గానీ ఈ మాట తప్పడు. ఎవడో ఆ సంగతి తెలిసినవాడు, ఆ ఒక్క ముక్కతో ఈ మనిషి నోటికి తాళం వేసి, రెండు నెలలు నిశ్చింతగా పంట పండించుకున్నాడు. ఆండాళ్‌కి ఒళ్ళు మండిపోయింది. కానీ ఒళ్ళు మండడానిక్కూడా ఇప్పుడు టైము లేదు.

"వరహాలూ, నా మాట విను. ఇది మందు మొక్క కాదు. గంజాయి. నిన్ను మోసం చేశాడు."

"ఆ మాట ఈ బాబూ సెప్పినాడు పొద్దున్న. గంజాయి నాకు తెల్దా? మనిసెత్తు ఉంతాది. ఇది అది కాదు. మా దానికి కిడ్నీ మళ్ళీ పుడతాదన్నాడు. పువ్వు విచ్చినాక మందు దిగుతాదన్నాడు."

"పువ్వు విచ్చింది. మంగళవారం వాడొచ్చి ఆకులు మాడాయని చూసి ఏమన్నాడు?"

"ఏటీ అన్లేదు. మేం రాత్రొచ్చీసరికి ఎల్లిపోనాడు. ఫోన్ కొడితే ఎత్తట్లేదు." వరహాలు మాడిన ఆకు ఒకటి వేళ్ళతో నిమిరాడు. "మొక్క సచ్చిపోతంది గదా తల్లీ. మొక్క పోతే మందూ పోతాది. ఆ మొక్కకి బలమిచ్చింది ఆ డబ్బాలోదే గదా అనుకున్నాను..."

ఆండాళ్ వాకిట్లో మంచం వైపు చూసింది.

"ఎన్ని చెంచాలు ఇచ్చావు?"

"ఏటండీ మీరడుగుతున్నది?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"ఎన్ని చెంచాలు వరహాలూ?"

"బుధారం పొద్దుట్నుంచి రెండు పూట్లా ఒక్కోటి. పంచదార కలిపి. ఈయాల ఎల్లే ముందు కూడా ఒకటి." వేళ్ళు లెక్కపెట్టి అయిదు చూపించాడు. "ఇచ్చినోడు పలాసలో ఎరువుల ఏజెంటు సురేష్. మా కొబ్బరికి ఎరువు తెచ్చేది ఆడే. మొక్కే పోనాక ఇంక దాసి ఏటి లాభం, ఇదిగో, సెప్పీసినాను."

పొద్దుట్నుంచి అందరూ అడుగుతున్న పేరు అది. ఢిల్లేశ్వరరావు జేబులోంచి పుస్తకం కూడా తీశాడు. ఆండాళ్ అప్పటికే వాకిట్లోకి పరుగెత్తింది.

మంచం పక్క గోడకి ఆసుపత్రి వాళ్ళిచ్చిన పథ్యం కాగితం అంటించి ఉంది. కొబ్బరి నీళ్ళు వద్దు, అరటిపండు వద్దు. ఉద్దానంలో ప్రతి మూడో ఇంట్లో ఆ కాగితం ఉంటుంది, చుట్టూ కొబ్బరి చెట్లున్నా గుక్కెడు నీళ్ళు తాగకూడని ఇళ్ళు అవి. ఎందుకంటే వాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ పనిచేయనివాళ్ళ ఒంట్లోంచి అది బయటికి పోదు, పేరుకుని గుండెని ఆపేస్తుంది. కొబ్బరి నీళ్ళకే అంత భయమైతే, ఈవిడ తిన్నది ఉత్త పొటాష్. అయిదు చెంచాలు. అది కడిగెయ్యాల్సిన డయాలసిస్ ఇవాళే, ఆ రైలు వెళ్ళిపోయి ఆరు గంటలైంది.

"కృష్ణవేణమ్మా, ఎలా ఉంది?"

"బాగున్నాను తల్లీ," అంది ఆవిడ నెమ్మదిగా. "కాళ్ళే లేవట్లేదు. నిన్నట్నుంచి బరువెక్కిపోనాయి. మందు పట్టేటప్పుడు అలాగే ఉంతాదని మా ఆయన సెప్పినాడు." చెయ్యెత్తి జుట్టు సర్దుకోబోయింది. చెయ్యి సగం దాకా లేచి మంచం మీద పడింది.

ఆండాళ్ మణికట్టు పట్టుకుంది. నాడి దొరకడానికే చాలాసేపు పట్టింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, జీపు."

"ఎమ్మార్వో గారు ఇంకో పది నిమిషాల్లో..."

"పది నిమిషాలకి ఈవిడ ఉండకపోవచ్చు. ఫైలు మీద డయాలసిస్ వార్డు ఫోన్ నంబరుంది, మీ సెల్ నుంచి కొట్టండి. పొటాష్ తిన్నదని చెప్పండి."

ఆయన ఆమె ముఖం చూశాడు, మంచం మీద పడి ఉన్న ఆ చెయ్యి చూశాడు. ఇంకో మాట లేకుండా ఫోన్ తీశాడు. అవతల డాక్టరు గొంతు బయటికి వినబడేంత గట్టిగా అరుస్తోంది: విశాఖ దాకా తేవద్దు, ముందు దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడ గుండె పరీక్ష చేయించి కాల్షియం ఇంజెక్షన్ చేయించండి, బేగి, బేగి.

"బైరాగీ, బండి ఎనక్కి తియ్," అని డ్రైవర్ని కేకేశాడు ఢిల్లేశ్వరరావు. "పోలారావ్, నువ్వు మొక్కల కాడ ఉండు. ఎమ్మార్వో గారొస్తే ముద్దాయి నాతోనే ఉన్నాడని సెప్పు. ఆ సురేష్ గాడి కోసం పలాసకి ఫోన్ కొట్టు." మంచం కోడు తనే పట్టుకున్నాడు. "మేడం, అటు పట్టండి."

కృష్ణవేణిని జీపు వెనక సీట్లో పడుకోబెట్టారు. తల ఆండాళ్ ఒళ్ళో, పాదాలు వరహాలు ఒళ్ళో. జీపు తోట దాటి రోడ్డెక్కింది. ఢిల్లేశ్వరరావు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఆ పొడి ఆవిడ ఒంట్లో ఏం చేస్తుందో వరహాలుకి రెండు ముక్కల్లో చెప్పేశాడు. చెప్పకుండా ఉండాల్సిందని ఆ వెంటనే ఆయనకే అనిపించి మొహం తిప్పుకున్నాడు.

వరహాలు ఏడవలేదు. భార్య పాదాలు రెండు చేతులతో ఒత్తుతూ ఆండాళ్ వైపు వంగాడు.

"నాను ఇప్పుడు పేరు సెప్పీసినాను గదా తల్లీ. అందరి ముందూ సెప్పీసినాను. ఇంక ఆ మందు పని సెయ్యదు గదా?"

ఆండాళ్ వేళ్ళు కృష్ణవేణి మణికట్టు మీదే ఉన్నాయి, కళ్ళు గడియారం మీద ఉన్నాయి. అర నిమిషానికి పందొమ్మిది, ఉండాల్సిన దాంట్లో సగం. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. పదిహేడు.